గమ్యఫలకములు – నామసందిగ్ధత : బొగ్గుగనుల సీమనుండి కొన్ని ఉదాహరణములు

శాసనములలోని గ్రామనామములను, రెవిన్యూ లెక్కలలోని పేర్లను పరిశీలించు శ్రద్ధతోనే రైలుస్టేషను ఫలకములపైనను, బస్సుల నుదుటను వ్రాయబడు పేర్లనుగూడ పరిశీలింపవలసియున్నదని మా అభిప్రాయము. గ్రామనామము ఒక స్థలమును గుర్తించును. ఫలకనామము ప్రయాణికుని ప్రశ్నకు సమాధానము చెప్పవలెను. ఆ ప్రశ్నలు మూడు: ఇది యే చోటు? ఈ బండి యెచ్చటికి పోవును? ఏ దారిన పోవును? ఒక్క పేరే ఈ మూడింటికిని సమాధానమైనపుడు చిక్కు లేదు. ఒక ప్రశ్నకు సమాధానముగా వ్రాసిన పేరును చదువరి మరియొక ప్రశ్నకు సమాధానముగా గ్రహించినపుడే సందిగ్ధత పుట్టుచున్నది. గోదావరీతీరమందలి బొగ్గుగనుల సీమ దీనికి మంచి ఉదాహరణము.

మొదట రామగుండమును తీసికొందము. ‘గుండము’ అనగా లోతైన నీటిమడుగు. ఈ పేరు మొదట ఒక గ్రామమునకు చెందినది. కాజీపేట–బల్హార్షా మార్గమందలి స్టేషనుకు రైల్వేవారు ఈ పేరే పెట్టిరి. పిమ్మట వచ్చిన తాపవిద్యుత్కేంద్రమునకును, 1999లో మూతపడి 2021లో మరల ఉత్పత్తి నారంభించిన ఎరువుల కర్మాగారమునకును, నేటి నగరపాలక సంస్థకును ఇదియే పేరైనది. కాని ఈ నగరపాలక సంస్థలో జనసమ్మర్దము, వ్యాపారము అధికముగా గల పట్టణమును ప్రజలు రామగుండమనరు, గోదావరిఖని యందురు. ఆర్.టి.సి. డిపో పేరును గోదావరిఖనియే. కావున గోదావరిఖనికి రైలులో పోవువాడు రామగుండమునకు టిక్కెట్టు కొనవలెను. రామగుండమునకు బస్సులో రాదలచినవాడు గోదావరిఖని ఫలకమును వెదకవలెను. స్థానికునకు ఇందులో వింత యేమియు లేదు. క్రొత్తగా ఉద్యోగమునకో, చికిత్సకో వచ్చినవానికి మాత్రము ఇవి రెండూళ్లో, ఒక్క యూరో తెలియదు.

‘ఖని’ సంస్కృతపదము, గని యని యర్థము. గోదావరిఖని అనగా గోదావరి గని. అనగా పని జరుగు చోటి పేరు పని చేయువారు నివసించు పట్టణమునకు పేరైనది. రవీంద్రఖని, కల్యాణిఖని, కాకతీయఖని, పద్మావతిఖని అను పేర్లును ఈ తీరువే. వీనిలో రవీంద్రఖని మంచిర్యాల–మందమర్రి స్టేషనులనడుమ ఒక రైలుస్టేషనుకుగూడ పేరు. ఈ పేర్ల ఇంగ్లీషు పొడియక్షరములకు సంఖ్య చేర్చినచో ఒక్కొక్క గని పేరగును: జి.డి.కె. 1, ఆర్.కె. 7, కె.కె. 5. కార్మికుడు గనిని ‘బాయి’ యనును. ‘రెండో బాయి’ యన్నచో అతనికి చాలును. ఆ సంఖ్యలు కాలక్రమమున నివాసస్థలములకును సంక్రమించినవి. గోదావరిఖని చెంతనున్న ‘యైటింక్లైన్ కాలనీ’ ఇందుకు చక్కని తార్కాణము. ఇంగ్లీషులో ఎనిమిదవ ఏటవాలు గని యను అర్థముగల మాట నేడు తెలుగులో విడదీయరాని ఒక్క పదమైనది. ఆ పేరు పలుకువారిలో సంఖ్యాజ్ఞానము కలవారును గలరు, లేనివారును గలరు. సంఖ్య గుర్తింపునకు మంచిదే. కాని క్రమమును సూచించుటకు పనికిరాదు. ఏడు, ఎనిమిది, తొమ్మిది సంఖ్యలుగల చోట్లు బస్సుదారిలో అదే వరుసన రావలెనను నియమము లేదు. సంఖ్యను చూచి తరువాతి చోటును ఊహించు క్రొత్తవాడు ఇచ్చట మోసపోవును.

సంస్థపేరును విచారింపదగినదే. సింగరేణి యనునది ఇల్లెందు ప్రాంతమందలి ఒక గ్రామము. ఆ పరిసరములలో 1871లో బొగ్గు కనుగొనబడెను. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ యేర్పడెను. నేడు సంస్థ ప్రధానకార్యాలయము కొత్తగూడెములో నున్నది. గనులు గోదావరిలోయ పొడవునను వ్యాపించియున్నవి. ‘సింగరేణిలో ఉద్యోగము’ అనునపుడు రామగుండమువాసి మనస్సులో ఆ గ్రామము మెదలదు. గ్రామనామము సంస్థానామమై, సంస్థానామము సీమకే పేరైనది.

ఇంతకంటె చిక్కైనది ‘రోడ్’ చేరిన స్టేషనుపేరు. కాజీపేటనుండి ఉత్తరముగా పోవునపుడు హసన్‌పర్తి రోడ్, రేచ్ని రోడ్, ఆసిఫాబాద్ రోడ్ అను స్టేషనులు వచ్చును. కొత్తగూడెములోని స్టేషను పేరు భద్రాచలం రోడ్. భద్రాచలము అచ్చటికి సుమారు 40 కిలోమీటర్ల దూరమున, గోదావరి ఆవలి యొడ్డున నున్నది. రైల్వేవారి యుద్దేశ్యము స్పష్టమే: ఆ యూరికి పోవువారు ఇచ్చట దిగి రోడ్డుదారిన పోవలెను. మన వ్యాకరణపరిభాషలో చెప్పవలెనన్న ఇది ‘భద్రాచలమునకు రోడ్’ అను చతుర్థీతత్పురుషము. కాని వినువాడు దీనిని ‘భద్రాచలముయొక్క రోడ్’ అని షష్ఠీతత్పురుషముగా గ్రహించుటకు అడ్డేమియు లేదు. అట్లు గ్రహించినవాడు ఊరిలోనే దిగితినని తలంచును. హైదరాబాదులోని ‘నెక్లెస్ రోడ్’ స్టేషనులో ‘రోడ్’ నిజముగా ఆ చెంతనున్న వీధియే. రూపమొక్కటియే, విగ్రహవాక్యము వేరు. ఫలకము సమాసమునే చూపును గాని విగ్రహమును చూపదు.

ఇక మూడవ ప్రశ్న: ఏ దారిన? తిన్నని మార్గములో చివరి స్టేషను పేరే దిక్కునుగూడ తెలుపును. చుట్టుమార్గములో ఆ సౌకర్యము లేదు. పెద్దపల్లి–నిజామాబాదు మార్గము 2017లో పూర్తియైనపిమ్మట సికింద్రాబాదు, కాజీపేట, పెద్దపల్లి, కరీంనగరు, నిజామాబాదు, మరల సికింద్రాబాదు అను వలయ మేర్పడినది. ఇప్పుడు సికింద్రాబాదులో ‘కరీంనగరు’ అని మాత్రమే వ్రాసిన ఫలకము దారిని తెలుపజాలదు. రామగుండమునకు పోగోరి పెద్దపల్లిలో దిగవలసినవానికి ఆ రెండు దారులనడుమ భేద మెంతయో కలదు.

హైదరాబాదులో 2003లో ప్రారంభమైన ఎం.ఎం.టి.ఎస్. బండ్లలో ఈ చిక్కు వేరొక రూపమున గలదు. లింగంపల్లినుండి వచ్చు బండ్లు బేగంపేట దాటినపిమ్మట కొన్ని నాంపల్లికిని, కొన్ని సికింద్రాబాదువైపునకును చీలిపోవును. నాంపల్లి స్టేషనుకు రైల్వేపేరు ‘హైదరాబాదు’. నగరమంతయు హైదరాబాదే యైనపుడు ఈ పేరు గమ్యమెట్లగును? అందుచే స్టేషనుల తొలియక్షరములు సంకేతములైనవి. ‘ఎల్.ఎఫ్.’ అనగా లింగంపల్లినుండి ఫలక్‌నుమాకు, ‘ఎఫ్.ఎల్.’ అనగా ఫలక్‌నుమానుండి లింగంపల్లికి. ఇందు అక్షరముల వరుసయే పంచమీ చతుర్థీ విభక్తుల పని చేయుచున్నది.

ఇతరదేశములవారును ఈ చిక్కును ఎదుర్కొనిరి. లండనులోని సర్కిల్ లైన్ 2009 వరకు పూర్తివలయముగా నడచెను. ఆ సంవత్సరము డిసెంబరునుండి అది హామర్‌స్మిత్‌లో బయలుదేరి, ఎడ్జ్‌వేర్ రోడ్ మీదుగా నగరమును చుట్టి, మరల ఎడ్జ్‌వేర్ రోడ్‌లోనే ముగియుచున్నది. (ఈ పేరు మన నెక్లెస్ రోడ్ వలె ఆ చెంతనున్న వీధి పేరే, ఎడ్జ్‌వేర్ అనునది మాత్రము దూరమందలి వేరొక చోటు.) టోక్యోలోని యమనోతె వలయమున బండ్లకు ‘వెలుపలి చుట్టు’, ‘లోపలి చుట్టు’ అని పేర్లు పెట్టి, ముందు రాబోవు పెద్దస్టేషనుల పేర్లను ‘వైపు’ అను నర్థముగల మాటతో చూపుదురు. ఢిల్లీలో వలయమార్గపు బస్సులకు ‘ముద్రిక’ యని పేరు, ఉంగరమని యర్థము. ఆ పేరు మార్గాకారమును చక్కగా చెప్పును గాని దిక్కును చెప్పదు.

తెలుగులో ఈ మూడు ప్రశ్నలకును వేర్వేరు సాధనములున్నవి. గమ్యమునకు ‘కు’, దారికి ‘మీదుగా’, దిక్కునకు ‘వైపు’. వలయములో కుడిచుట్టును తెలుపుటకు ‘ప్రదక్షిణము’ అను మాట ప్రతి దేవాలయమునను వినబడుచునే యున్నది. కాని ఫలకములపై వ్రాయునపుడు ప్రత్యయములను తొలగించి నామములను మాత్రము మిగిల్చుచున్నాము. ‘పెద్దపల్లి మీదుగా కరీంనగరు’, ‘రామగుండము – గోదావరిఖనికి ఇచ్చట దిగవలెను’, ‘కొత్తగూడెము – భద్రాచలమునకు రోడ్డుదారి’ అని వ్రాసినచో రెండు మూడు మాటలు పెరుగును, సందిగ్ధత తొలగును. పేర్లను మార్చవలసిన పనిలేదు. స్టేషను పేరులో చరిత్ర యున్నది. దానిని చెరుపుట మా యభిమతము గాదు.

ఇది వట్టి వ్యాకరణచర్చ కాదు. వేళకు గనికి చేరని కార్మికునకు మస్టరు పడదు. ఆనాటి కూలి పోవును. ఒప్పందపు పనికై ఇతరరాష్ట్రములనుండి వచ్చినవారు, దవాఖానకు వచ్చిన పల్లెవారు స్థానికుల సంక్షేపములను ఎరుగరు. అయినను ఫలకము స్థానికునకంటె వారికే ఎక్కువ యవసరము. స్థానికుడు దానిని చూడకయే బస్సెక్కును. మన పరిశోధకవిద్యార్థులు ఒక్కొక్క బస్సుదారిని తీసికొని, ప్రతి నిలుపుదలకును రెవిన్యూపేరు, సంస్థ పెట్టిన పేరు, ఫలకముపైని పేరు, జనులు పలుకు పేరు అను నాలుగు గళ్లలో పట్టికలు వ్రాయుదురుగాక. ఏ గడికిని ఏ గడికిని పొత్తు కుదరదో, ప్రయాణికుడు తడబడుచోటు అదియే.