ఎవలు సదువుతర్రా గివన్నీ?

రాత్రి పదకొండు నలభై. బీరంగూడలో మా డాబా మీద నేను, నా ఫోను. కింద రోడ్డు మీద నైట్ షిఫ్ట్ బస్సు హారన్ కొడుతోంది. ఇంకో ఇరవై నిమిషాల్లో తేదీ మారిపోతుంది, నా పోస్టేమో సగం దగ్గరే ఆగింది. ట్యాంకులో నీళ్ళు చూడ్డానికి పైకొచ్చిన మా బాపు నన్ను చూసి నిలబడ్డాడు.

"గీ టైంల ఏం రాస్తున్నవ్ రా?"

"పోస్టు, బాపూ. రోజుకొకటి రాస్తున్న."

"ఎవలు సదువుతర్రా గివన్నీ?"

నా దగ్గర జవాబు లేదు. ముందు రోజు పోస్టుకు వచ్చినవి పదకొండు లైకులు. అందులో ఒకటి నాదే.

మీలో కూడా చాలామంది ఈ ప్రశ్న ఎదుర్కొనే ఉంటారు. రోజూ ఒక కవిత పెట్టేవాళ్ళు, రోజూ అమీన్‌పూర్ చెరువు పిట్టల ఫొటో పెట్టేవాళ్ళు, రోజూ పొద్దున్నే మండీ రేట్లు టైప్ చేసి గ్రూపులో పడేసేవాళ్ళు. డబ్బు రాదు. పేరు కూడా పెద్దగా రాదు. మరెందుకు?

నా సంగతి చెప్తా. ఆఫీసులో లంచ్ టైంలో ఒక కొలీగ్ "మీదే ఊరు బ్రో?" అన్నాడు. ఇస్నాపూర్ అని చెప్తే ఫోన్లో వెతికాడు. వచ్చినవి ఏంటంటే ఓపెన్ ప్లాట్లు, విల్లాలు, "హైవేకి ఐదే నిమిషాలు", ఒక బిర్యానీ సెంటర్. "మీ ఊర్లో మనుషులు ఉండరా?" అని నవ్వాడు. నేనూ నవ్వాను గానీ, గచ్చిబౌలి నుంచి ఇంటికొచ్చే దారంతా అదే గుర్తొచ్చింది.

మా బెల్టు గురించి ఎవరూ రాయలేదని కాదు. 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ పెట్టినప్పటి నుంచి ఇక్కడి జొన్న మీద, కంది మీద, శనగ మీద ప్రపంచమంతా చదివే పరిశోధనలు వచ్చాయి. ఫ్యాక్టరీల కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టులో కేసు పడింది. పటాన్‌చెరులో వైద్యం చేసిన డాక్టర్ కిషన్ రావు దశాబ్దాల పాటు ఆ పోరాటంలో ఉన్నారు. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఇక్కడి మురుగు శుద్ధి ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్ళలో సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని పేపర్ వేశారు. ఆ మందు వాడే పేషెంటు రక్తంలో ఉండేదాని కంటే ఎక్కువ! అయితే వీటిలో చాలావరకు ఇంగ్లీషులో ఉన్నాయి. అవి మా నీళ్ళ గురించి, మా పంటల గురించి. ఇరవై ఆరేళ్ళు షిఫ్టులు చేసిన మా బాపు లాంటి మనిషి గురించి తెలుగులో వెతికితే ఏమొస్తుంది? ప్లాట్లొస్తాయి.

సరే, నేనే రాస్తా అనుకున్నా. అనుకోవడం ఈజీ. రోజూ రాయడం ఎట్లా అని వెతుకుతుంటే దొరికిన పేరు ప్రణయ్‌రాజ్ వంగరి.

ఆయన మీకు తెలియకపోయినా, ఆయన రాసింది మీరు చదివే ఉంటారు. తెలుగు సినిమా గురించో, నాటకం గురించో, తెలంగాణలో ఒక ఊరి గురించో గూగుల్ చేస్తే తెలుగు వికీపీడియా పేజీ వస్తుంది కదా, అట్లాంటి పేజీలు రాసే మనిషి. నాటకరంగం నుంచి వచ్చారు. 2015లో బల్గేరియాకు చెందిన వాసియా అతనసోవా అనే వికీపీడియన్ ఒక చాలెంజ్ మొదలుపెట్టారు. వంద రోజులు, రోజుకో కొత్త వ్యాసం. ఒక్క రోజు తప్పినా లెక్క మళ్ళీ ఒకటి నుంచి. ప్రణయ్‌రాజ్ 2016 సెప్టెంబర్ 8న దాన్ని అందుకున్నారు. డిసెంబర్ 16కి వంద అయ్యాయి. అక్కడ ఆపితే ఎవరూ ఏమీ అనరు. ఆపలేదు. ఏడాదంతా రాసి దానికి 'వికీవత్సరం' అని పేరు పెట్టారు. 2019 జూన్ 4కి వెయ్యి రోజులు. అప్పటికీ ఆపలేదు.

వెయ్యి రోజులంటే ఒక్కసారి లెక్కేయండి. మూడు దసరాలు (2016ది కలిపి). అన్ని పెళ్ళిళ్ళు, జ్వరాలు, ప్రయాణాలు, సిగ్నల్ లేని ఊళ్ళు. ఆయన మొదలుపెట్టిన నెల రోజులకే, 2016 అక్టోబర్ 11న, తెలంగాణలో పది జిల్లాలు ముప్పై ఒకటయ్యాయి. మెదక్ జిల్లాలో ఉన్న మేము ఆ రోజు నుంచి సంగారెడ్డి జిల్లా వాళ్ళమైపోయాం. ఊర్లో బోర్డు మార్చడానికి పెయింటర్ వస్తాడు. వికీపీడియాలో వేల ఊళ్ళ పేజీల్లో జిల్లా పేరు ఎవరు మార్చాలి? ఎవరో ఒకరు కూర్చుని మార్చాలి. 2003 డిసెంబర్‌లో వెన్న నాగార్జున తెలుగు వికీపీడియాను మొదలుపెట్టినప్పటి నుంచి అక్కడ జరిగేదంతా ఇట్లాంటి పనే. పైగా వ్యాసం మీద రాసినవాళ్ళ పేరుండదు. 'చరిత్ర' అనే ట్యాబ్ నొక్కి చూస్తే తప్ప తెలియదు. ఎంతమంది నొక్కుతారు? నేనైతే మొన్నటిదాకా నొక్కలేదు.

నాకు అర్థమైంది ఇది. రోజూ రాయాలి అనే రూలు ఒకటి పెట్టుకుంటే "ఈరోజు రాయాలా వద్దా" అనే గొడవ ఉండదు. మిగిలేది "ఏం రాయాలి" ఒక్కటే. పళ్ళు తోముకోవడానికి ఎవరూ మోటివేషన్ వీడియో చూడరు కదా.

మా ఫీల్డులో ఈ పిచ్చి ఇంకో రకంగా ఉంటుంది. జేక్వెరీ రాసిన జాన్ రెసిగ్ 2014లో రోజూ కోడ్ రాయడం గురించి ఒక పోస్టు పెట్టాడు. అర్ధరాత్రి లోపల రాయాలి, అది పనికొచ్చే కోడ్ అయ్యుండాలి అని రూల్స్. గిట్‌హబ్‌లో పచ్చ గళ్ళు నింపుకోవడం అప్పట్లో ఫ్యాషన్. 2016 మేలో గిట్‌హబ్ ప్రొఫైల్‌లో స్ట్రీక్ లెక్క తీసేసింది. తర్వాత కాలేజీకొచ్చిన నేను ఆ గళ్ళ కోసమే రీడ్‌మీ ఫైల్లో ఒక కామా పెట్టి, మర్నాడు తీసేసి, రెండు కమిట్లు చూపించుకున్నా. ఇంటర్వ్యూలో ఎవడూ అడగలేదు.

2025 జూన్ 1న నా లెక్క మొదలైంది. రోజుకు వంద మాటలు, ఒక ఫొటో. ఇస్నాపూర్ చౌరస్తాలో తెల్లారుజామున చాయ్ తాగే ఒడియా కుర్రాళ్ళు. రుద్రారం వినాయకుడి గుడి. షిఫ్ట్ మారే టైంకి సైకిళ్ళ నుంచి బైకులకు, బైకుల నుంచి ఆటోలకు మారిన గుంపు. బాగానే నడిచింది.

ముప్ఫయ్యో రోజు జూన్ 30. ఆ పొద్దున పాశమైలారంలో ఫ్యాక్టరీ పేలింది. నలభై మందికి పైగా పోయారు. ఎక్కువ మంది బీహార్, ఒడిశా, యూపీల నుంచి పని కోసం వచ్చినవాళ్ళే. నాకు ఎవరో ఫార్వర్డ్ చేసిన పొగ వీడియో వచ్చింది. నేనేం రాయలేదు. అది అట్లాగే పెట్టేశా, పైన ఊరి పేరు ఒక్కటి వేసి.

సాయంత్రానికి లక్షన్నర వ్యూస్.

ఇరవై తొమ్మిది రోజులు రాసిన ప్రతి మాటనూ కలిపినా అందులో యాభయ్యో వంతు కాదు. సిగ్గుతో చెప్తున్నా, ఆ రాత్రి నేను పదిసార్లు ఫోన్ తీసి ఆ నంబర్ చూసుకున్నా. పక్క గదిలో బాపు టీవీ ముందు కూర్చుని, తనతో పనిచేసిన వాళ్ళకు ఒక్కొక్కరికీ ఫోన్లు చేస్తున్నాడు. "ఉన్నవారా? ఇంట్లనే ఉన్నవా?" అని. ఆ మాట చెవిన పడ్డాక వీడియో డిలీట్ చేశా. తర్వాత రాయబుద్ధి కాలేదు. నెలకు పైగా.

1973లో అమెరికాలో ఒక ప్రయోగం చేశారు. బొమ్మలు వేయడం ఇష్టపడే చిన్నపిల్లలను తీసుకుని, కొంతమందికి "బొమ్మ వేస్తే సర్టిఫికెట్ ఇస్తాం" అని ముందే చెప్పి ఇచ్చారు. కొన్ని రోజుల తర్వాత ఆ పిల్లలే మిగతావాళ్ళ కంటే తక్కువ సేపు బొమ్మలు వేశారు. లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు చేసిన ఆ ప్రయోగం చదివినప్పుడు నా లక్షన్నర గుర్తొచ్చింది. ఆ నంబర్ చూశాక పదకొండు లైకుల పోస్టు రాయడానికి చెయ్యి రాదు. జబ్బేంటో తెలిసింది, మందు మాత్రం ఆ పేపర్లో లేదు.

మందు ఇన్‌బాక్స్‌లో వచ్చింది. ఆగస్టులో, పరిచయం లేని ఒకాయన నుంచి. బీహెచ్ఈఎల్ క్వార్టర్స్‌లో పెరిగి ఇప్పుడు డాలస్‌లో ఉంటున్నాడట. "తమ్ముడూ, మీ పోస్టులు ఆగిపోయినయ్ ఏంది? మా అమ్మకు రోజూ చదివి వినిపించేవాణ్ణి. హెల్త్ మంచిగుందా?" అంతే. ఆ పదకొండు లైకుల్లో ఆయన లైక్ ఉందో లేదో కూడా నాకు తెలీదు. వాళ్ళమ్మది ఉండే చాన్సే లేదు.

ఆ రాత్రే మళ్ళీ మొదలుపెట్టా. రూలు ప్రకారం, ఒకటో రోజు.

ఈసారి లైకుల నంబర్ కనపడకుండా సెట్టింగ్స్‌లో దాచేశా. కొన్ని రోజులు చెత్తగా రాశా, ఒప్పుకుంటా. ఆఫీసులో రిలీజ్ ఉన్న రోజు మా వీధి చివరి మిర్చీ బండి మీద నాలుగు లైన్లు రాసి పడుకున్నా. ప్రణయ్‌రాజ్ వెయ్యి రోజుల్లో కూడా ఇట్లాంటి మిర్చీ బండి రోజులు కొన్ని ఉండే ఉంటాయని నా గట్టి నమ్మకం.

నలభై ఒకటో రోజు వాగుల మీద రాశా. నక్కవాగు పోయి ఇసుకవాగులో కలుస్తుందని పెట్టా. మర్నాడు పొద్దున నేను బ్రష్ చేసుకుంటుంటే బాపు ఫోన్ పట్టుకుని వచ్చాడు.

"ఉల్టా రాసినవ్ రా. ఇసుకవాగే పోయి నక్కవాగుల కలుస్తది. నక్కవాగు పోయి మంజీరల కలుస్తది. మేం ఈత కొట్టిన వాగు నాకు తెల్వదా?"

"నువ్వెప్పుడు చదివినవ్ బాపూ?"

"రోజు సదువుతా. దిద్దు ముందు."

దిద్దాను. ఈ రాత్రి పోస్టుకు ఫొటో లేదు. ఆ వాగులో ఈత కొట్టిన చోటు ఎక్కడుందో చూపిస్తా, ఆదివారం బండి తియ్యమన్నాడు.