నొప్పి మాత్ర స్ట్రిప్ వెనక ఏముంది?

తలనొప్పి వచ్చినా, మోకాలు పట్టేసినా, జ్వరంతో ఒళ్లంతా సలిపినా మందుల షాపులో మనం అడిగేది ఒకటే మాట: ‘నొప్పికి ఏదైనా మాత్ర ఇవ్వండి’. ఆ ‘ఏదైనా’ దగ్గరే చిక్కంతా ఉంది. ఒకరికి హాయినిచ్చిన మాత్ర పక్కింటాయన్ని ఆస్పత్రి పాలు చేయొచ్చు.

*

పారాసెటమాల్ నొప్పినీ జ్వరాన్నీ తగ్గిస్తుంది గానీ వాపు మీద దాని ప్రభావం చాలా తక్కువ. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ లాంటివి వాపును కూడా లాగేస్తాయి. మామూలు జ్వరానికీ తలనొప్పికీ మొదటిది చాలు. కాలు మడతపడి చీలమండ ఉబ్బినప్పుడో, పంటి చిగురు వాచినప్పుడో రెండో రకం బాగా పనిచేస్తుంది.

ఈ రెండో రకం మాత్రలు ఎలా పనిచేస్తాయో 1971లో బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ వేన్ తేల్చారు. దెబ్బ తగిలిన చోట నొప్పినీ వాపునీ రేపే ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఇవి అడ్డుకుంటాయి. ఈ పరిశోధనకే ఆయన 1982లో నోబెల్ అందుకున్నారు. అయితే కడుపు లోపలి పొరను ఆమ్లం నుంచి కాపాడేవీ, కిడ్నీలకు రక్తం సరిగా అందేలా చూసేవీ కూడా ఆ ప్రోస్టాగ్లాండిన్లే. మాత్ర మోకాలి దగ్గర వాటిని ఆపి, కడుపులో వదిలిపెట్టదు. అందుకే పరగడుపున వేసుకోవద్దంటారు. కడుపులో పుండు ఉన్నవాళ్లు, కిడ్నీ జబ్బు, గుండెజబ్బు, బీపీ ఉన్నవాళ్లు, గర్భిణులు వీటిని సొంతంగా కొనుక్కుని వాడకూడదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీలు పాడవడానికి అసలు కారణమేమిటో ఇంకా తేలలేదు. కానీ కిడ్నీ ఒకసారి దెబ్బతిన్నాక, పొలం పనితో నడుం పట్టేసిందని రోజూ ఈ మాత్రలు మింగితే మిగిలిన కాస్తా దెబ్బతింటుంది. అక్కడి కూలీలకు ఈ ఒక్క మాట ఎన్నిసార్లు చెప్పినా తక్కువే.

*

ఒక లెక్క చూద్దాం. జ్వరానికి ‘డోలో 650’ వేసుకున్నారు. ముక్కు కారుతోందని జలుబు మాత్ర ఒకటి. ఒళ్లు నొప్పులకు ‘కాంబిఫ్లామ్’ ఒకటి. మూడింటికీ మూడు పేర్లు, మూడు రంగుల స్ట్రిప్పులు. వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదవండి. మొదటి దాంట్లో పారాసెటమాల్ 650 మిల్లీగ్రాములు. జలుబు మాత్రల్లో చాలావాటిలో అదే మందు 500. కాంబిఫ్లామ్‌లో ఐబుప్రోఫెన్ 400తో పాటు పారాసెటమాల్ 325. కలిపితే ఒక్క పూటకే 1475. మూడు పూటలా ఇలాగే వేసుకుంటే 4425 మిల్లీగ్రాములు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు రోజు మొత్తానికి గరిష్ఠ పరిమితి 4000. ఆ మనిషి తన లెక్కలో తప్పేమీ చేయలేదు, మూడు బాధలకు మూడు మాత్రలు వేసుకున్నాడంతే.

పరిమితి దాటితే దెబ్బ కాలేయానికి. పారాసెటమాల్‌లో కొద్ది భాగం కాలేయంలో విషపదార్థంగా మారుతుంది. దాన్ని గ్లుటాథయోన్ అనే పదార్థం ఎప్పటికప్పుడు విరిచేస్తుంది. మోతాదు మించితే ఆ నిల్వ అయిపోతుంది. రోజూ మద్యం తాగేవాళ్లలో, తిండి సరిగా తిననివాళ్లలో నిల్వ ముందే తక్కువ. ఇంకో ప్రమాదం ఏమిటంటే, మొదటి రోజు పెద్దగా బాధేమీ తెలియకపోవచ్చు. దీనికి ఎన్-అసిటైల్‌సిస్టీన్ అనే మంచి విరుగుడు ఉంది, కానీ తొందరగా ఇస్తేనే దాని ఫలితం. ఎక్కువ మాత్రలు మింగారని తెలిస్తే, మనిషి బాగానే కనిపిస్తున్నా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

*

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలకు: అక్కడి టైలెనాల్ ఇక్కడి పారాసెటమాలే. అడ్విల్ అంటే ఐబుప్రోఫెన్. సూట్‌కేసులో తెచ్చుకున్న డోలో, కోడలు ఇచ్చిన టైలెనాల్ రెండూ వేసుకుంటే ఒకే మందు రెండుసార్లు వేసుకున్నట్టే.

*

ఐబుప్రోఫెన్‌ను కనిపెట్టిన స్టువర్ట్ ఆడమ్స్ దాన్ని మొదట్లో తన మీదే ప్రయోగించుకున్నారు. మాస్కోలో ఓ సదస్సులో ప్రసంగించాల్సిన రోజు, ముందు రాత్రి తాగిన వోడ్కా వల్ల తలనొప్పి పట్టుకుంటే 600 మిల్లీగ్రాములు వేసుకున్నారు. పనిచేసింది. 1969లో బ్రిటన్‌లో డాక్టర్ చీటీతో, 1983 నుంచి చీటీ లేకుండా అమ్మకానికి వచ్చింది.

*

వానాకాలం జ్వరానికి ఒక హెచ్చరిక. డెంగీ అనుమానం ఉంటే ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ జోలికి పోవద్దు. డెంగీలో రక్తస్రావం ప్రమాదం ఎలాగూ ఉంటుంది, ఇవి దాన్ని పెంచుతాయి. ఒళ్లు విరిచేసినట్టున్నా అప్పుడు పారాసెటమాలే, అదీ మోతాదులోనే.

*

గుండె కోసం రోజూ చిన్న ఆస్పిరిన్ వేసుకునేవాళ్లు ఐబుప్రోఫెన్ విషయంలో జాగ్రత్త. రక్తకణాల్లో ఆస్పిరిన్ అతుక్కోవాల్సిన చోటును ఐబుప్రోఫెన్ ముందే ఆక్రమిస్తే, ఆస్పిరిన్ గుండెకు ఇవ్వాల్సిన రక్షణ తగ్గిపోతుంది. డాక్టర్‌ని అడిగి వేళలు సర్దుకోవాలి. ఇంట్లో పాత ఆస్పిరిన్ ఉంటే మూత తీసి వాసన చూడండి. వెనిగర్ వాసన వస్తే చెమ్మ తగిలి విడిపోయిందని అర్థం, పారేయండి.

*

మన పత్రికా చరిత్రకు ఒక నొప్పి మందు పెట్టుబడి పెట్టింది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. ఆ రాబడే 1908లో ‘ఆంధ్రపత్రిక’కూ, 1924లో ‘భారతి’కీ ఆసరా అయింది. కృష్ణా జిల్లా యలకుర్రులో పుట్టిన ఆ మనిషి తలనొప్పి మందు అమ్మి తెలుగు సాహిత్యాన్ని నిలబెట్టారు. ఈ మాట మన పిల్లలకు చెప్పి తీరాలి.

నుదుటికి బామ్ రాస్తే చల్లగా అనిపించేది పుదీనా పువ్వు, అంటే మెంథాల్ వల్ల. అది చల్లదనాన్ని పసిగట్టే నాడుల తలుపు తడుతుంది. మిరపకాయలోని క్యాప్సైసిన్ వేడిని పసిగట్టే తలుపు తడుతుంది. క్యాప్సైసిన్ ఆధారంగానే ఆ తలుపును కనుక్కున్న డేవిడ్ జూలియస్ 2021లో నోబెల్ పంచుకున్నారు. గుంటూరు మిర్చి కోసినవాళ్ల చేతులు మండేదీ, నొప్పుల క్రీముల్లో కొన్ని ఉపశమనం ఇచ్చేదీ ఆ దారినే.

చాలా బామ్‌లలో వింటర్‌గ్రీన్ నూనె కూడా ఉంటుంది. అది ఆస్పిరిన్‌కు దగ్గరి చుట్టం. ఆ నూనె ఒక టీస్పూను మింగితే ఇరవైకి పైగా పెద్దల ఆస్పిరిన్ మాత్రలు మింగినంత విషం. చిన్నపిల్లలకు అందేచోట పెట్టకండి.

*

డైక్లోఫెనాక్ మాత్రకు డాక్టర్ చీటీ ఉండాలన్నది చట్టం. స్ట్రిప్ మీద ఎర్ర గీత కనిపించేది అందుకే. అదే మందు పైపూత జెల్‌గా వస్తే ఆ నిబంధన వర్తించదు. జెల్ రాసినప్పుడు మందులో దాదాపు 6 శాతమే రక్తంలోకి చేరుతుంది. చేతి వేళ్లకో మోకాలికో నొప్పి ఉన్న పెద్దవయసు వాళ్లకు మాత్ర కంటే ఇదే మేలైన మొదటి అడుగు. రాశాక వేడి కాపడం పెట్టకూడదు, గట్టిగా కట్టు కట్టకూడదు.

*

ఈ డైక్లోఫెనాకే మన రాబందులను తుడిచిపెట్టింది. ఈ మందు ఇచ్చిన పశువు చనిపోతే, ఆ కళేబరం తిన్న రాబందుల కిడ్నీలు పాడయ్యాయి. కొన్ని జాతులు 95 శాతానికి పైగా తగ్గాయి. 2006లో పశువులకు వాడకాన్ని నిషేధించారు. మనుషుల ఇంజెక్షన్ పెద్ద సీసాలను పశువులకు మళ్లిస్తున్నారని 2015లో వాటినీ 3 మిల్లీలీటర్లకు కుదించారు. తెలంగాణలో బెజ్జూరు అడవిలోని పాలరాపు గుట్ట మీద గూళ్లు పెట్టుకున్న రాబందులను చూసినవాళ్లకు ఆ నిషేధం విలువ తెలుస్తుంది.

*

పన్నెండేళ్ల లోపు పిల్లలకు నిమెసులైడ్ మన దేశంలో 2011 నుంచి నిషేధం. పిల్లలకు సొంతంగా ఆస్పిరిన్ కూడా ఇవ్వకూడదు. ఫ్లూ, అమ్మవారు లాంటి జ్వరాల్లో ఇస్తే రేస్ సిండ్రోమ్ అనే అరుదైన, ప్రాణాంతకమైన జబ్బు రావచ్చు. పారాసెటమాల్ సిరప్ ఒకే బలంతో దొరకదు. 5 మిల్లీలీటర్లలో 120 మిల్లీగ్రాములు ఉండేదీ, 250 ఉండేదీ, చుక్కల మందైతే ఒక్క మిల్లీలీటరులోనే 100 ఉండేదీ వస్తాయి. పోయిన నెల సీసాకు పోసినంత కొత్త సీసాకు పోస్తే మోతాదు రెట్టింపు కావచ్చు. వంటింటి చెంచా కాకుండా సీసాతో వచ్చిన కొలత కప్పునే వాడాలి.

*

తలనొప్పి మాత్రలే తలనొప్పి తెస్తాయి. మామూలు నొప్పి మాత్రలు నెలకు 15 రోజులు లేదా అంతకు మించి, రెండు మూడు మందులు కలిసిన కాంబినేషన్ మాత్రలైతే 10 రోజులు లేదా అంతకు మించి, మూడు నెలలకు పైగా వాడేవాళ్లకు ఇది రావచ్చు. పొద్దున్నే తల బరువుగా లేస్తారు, మాత్ర వేసుకుంటారు, సాయంత్రానికి మళ్లీ మొదలు. దీనికి చికిత్స మాత్రలు ఆపడమే. ఆపిన మొదటి కొన్ని రోజులు నొప్పి ఇంకా పెరుగుతుంది కాబట్టి నరాల డాక్టర్ పర్యవేక్షణలో ఆపితే తట్టుకోవడం తేలిక.