కొలువు వీడేవేళ చేతికందేదెంత?
షార్‌ ఉద్యోగికి ఒక లెక్క.. గుత్తేదారు కార్మికునికి మరో లెక్క

శ్రీహరికోట: సూళ్లూరుపేట నుంచి పులికాట్‌ సరస్సు మీదుగా ఉదయం వేళ షార్‌కు సాగే బస్సుల్లో పక్కపక్కనే కూర్చునే ఇద్దరికి ఉద్యోగ విరమణ ప్రయోజనాలు ఒకేలా ఉండవు. ఒకరు అంతరిక్ష శాఖ శాశ్వత ఉద్యోగి కాగా, మరొకరు గుత్తేదారు నియమించుకున్న కార్మికుడు. ఇద్దరి నోటా వినిపించే మాట ‘గ్రాట్యుటీ’యే. అయితే వర్తించే నిబంధనలు వేరు, లెక్కకట్టే తీరు వేరు. ఈ తేడా తెలియక నష్టపోతున్నవారిలో ఎక్కువ మంది రెండో వర్గంవారే.

1971 అక్టోబరు 9న రోహిణి-125 సౌండింగ్‌ రాకెట్‌ ప్రయోగంతో ఇక్కడి కేంద్రం పని ప్రారంభించింది. అది మొదలు ఈ దీవిపై ఆధారపడి బతుకుతున్న కుటుంబాలు సూళ్లూరుపేట, తడ, దొరవారిసత్రం మండలాల్లో అనేకం. 2022లో జిల్లాల పునర్విభజనతో ఈ ప్రాంతం నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాలోకి మారింది.

శాశ్వత ఉద్యోగుల సంగతి

షార్‌ ఉద్యోగులు కేంద్ర ప్రభుత్వ సిబ్బంది. కనీసం అయిదేళ్ల అర్హ సర్వీసు పూర్తయి పదవీ విరమణ చేసినవారికి ప్రతి ఆరు నెలల సర్వీసుకు నెల వేతనంలో నాలుగో వంతు చొప్పున గ్రాట్యుటీ లెక్కిస్తారు. వేతనమంటే ఇక్కడ మూలవేతనం, కరవు భత్యం కలిపిన మొత్తం. ఎంతకాలం పనిచేసినా పదహారున్నర నెలల వేతనానికి మించదు. అంటే 33 ఏళ్ల సర్వీసు దగ్గర లెక్క ఆగిపోతుంది. చివరి నెలలో మూలవేతనం, కరవు భత్యం కలిపి రూ.1,50,000 అందుకున్న ఉద్యోగికి 33 ఏళ్లకు రూ.24,75,000 వస్తుంది. గరిష్ఠ పరిమితి 2024 జనవరి 1 నుంచి రూ.25 లక్షలు. దీనికి తోడు వాడుకోని ఆర్జిత సెలవులను 300 రోజుల వరకు నగదుగా మార్చుకోవచ్చు. 2004 జనవరి 1కి ముందు చేరినవారికి పాత పింఛను ఉంటుంది. ఆ తర్వాత చేరినవారికి జాతీయ పింఛను పథకం, 2025 ఏప్రిల్‌ 1 నుంచి కోరుకున్నవారికి ఏకీకృత పింఛను పథకం వర్తిస్తాయి.

ఇక రాజీనామా విషయంలో తొందరపాటు పనికిరాదు. 2018లో ఇస్రో మాజీ ఇంజినీర్లు హైదరాబాదులో స్థాపించిన స్కైరూట్‌ సంస్థ విక్రమ్‌-ఎస్‌ రాకెట్‌ను 2022 నవంబరు 18న శ్రీహరికోట నుంచే ప్రయోగించింది. చెన్నైకి చెందిన అగ్నికుల్‌ 2024 మే 30న తన సొంత ప్రయోగ వేదిక నుంచి రాకెట్‌ను పంపింది. ప్రైవేటు అంతరిక్ష సంస్థల పిలుపు నేడు యువ ఇంజినీర్ల చెవిన పడుతోంది. కానీ ప్రభుత్వ నిబంధనల ప్రకారం రాజీనామా చేస్తే గత సర్వీసు రద్దవుతుంది. పన్నెండేళ్లు పనిచేసినా గ్రాట్యుటీ రాదు. ఆర్జిత సెలవుల్లో సగానికి మాత్రమే, అదీ 150 రోజులకు మించకుండా, నగదు లభిస్తుంది. జాతీయ పింఛను పథకం ఖాతాలోని సొమ్ము మాత్రం ఉద్యోగిదే. తగిన అనుమతితో మరో కేంద్ర ప్రభుత్వ శాఖలో చేరేందుకు చేసే సాంకేతిక రాజీనామాకు ఈ నష్టం లేదు. ఇరవై ఏళ్లు నిండినవారు రాజీనామాకు బదులు స్వచ్ఛంద పదవీ విరమణ కోరవచ్చు. పేరు మారితే కాగితం మీద చిన్న తేడాగానే కనిపిస్తుంది, చేతికందే సొమ్ములో లక్షల తేడా వస్తుంది.

ఇరవై ఆరా? ముప్పయ్యా?

గుత్తేదారుల వద్ద, తడ సమీపంలోని శ్రీసిటీ పరిశ్రమల్లో, దుకాణాల్లో పనిచేసేవారికి వర్తించేది వేరే చట్టం. 1972 నాటి గ్రాట్యుటీ చెల్లింపు చట్టం స్థానంలో 2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రతా స్మృతి అమల్లోకి వచ్చింది. పది మంది లేదా అంతకుమించి పనిచేసే సంస్థలకు ఇది వర్తిస్తుంది. అయిదేళ్ల నిరంతర సర్వీసు ఉన్నవారు రాజీనామా చేసినా గ్రాట్యుటీకి అర్హులే. ప్రభుత్వ ఉద్యోగికి లేని వెసులుబాటు ఇది.

ప్రతి ఏడాది సర్వీసుకు పదిహేను రోజుల వేతనం ఇవ్వాలి. ఒక రోజు వేతనం తేల్చేందుకు నెల వేతనాన్ని 26తో భాగించాలి, 30తో కాదు. ఆదివారాలు పోగా మిగిలే పనిదినాల లెక్క ఇది. నెలకు రూ.18,200 పొందుతూ 12 ఏళ్ల 7 నెలలు పనిచేసిన కార్మికుని ఉదాహరణ తీసుకుందాం. ఆరు నెలలు దాటిన భాగాన్ని పూర్తి ఏడాదిగా పరిగణిస్తారు కనుక అది 13 ఏళ్ల సర్వీసు. రోజుకు రూ.700, పదిహేను రోజులకు రూ.10,500, పదమూడేళ్లకు రూ.1,36,500. దీన్నే 30తో భాగిస్తే రూ.1,18,300 మాత్రమే వస్తుంది. అంటే కార్మికుడు సరిగ్గా ఒక నెల జీతం పోగొట్టుకున్నట్లే. ఇక్కడ గరిష్ఠ పరిమితి రూ.20 లక్షలు.

కొత్త స్మృతిలో వేతనం నిర్వచనమూ మారింది. పలు సంస్థలు మూలవేతనాన్ని తగ్గించి, అద్దె భత్యం, ప్రయాణ భత్యం వంటి పేర్లతో మిగతా మొత్తాన్ని చూపేవి. మినహాయింపు ఉన్న భత్యాలు మొత్తం ప్రతిఫలంలో సగానికి మించితే, మించిన భాగాన్ని ఇప్పుడు వేతనంలో కలపాలి. దీనివల్ల గ్రాట్యుటీ పెరుగుతుంది.

గుత్తేదారు మారితే..

అసలు చిక్కు ఇక్కడే ఉంది. టెండరు గడువు ముగియగానే గుత్తేదారు మారతాడు. కార్మికుడు మాత్రం అదే చీపురు, అదే తోట, అదే వంటశాల వద్ద కొనసాగుతాడు. పదేళ్లు ఒకేచోట పనిచేసినా, ఏ ఒక్క గుత్తేదారు వద్దా అయిదేళ్లు నిండలేదన్న వాదన ఎదురవుతుంది. దీనికి ముందు జాగ్రత్తే మందు. నియామక పత్రం, గుర్తింపు కార్డు, వేతన చీటీలు భద్రపరచుకోవాలి. భవిష్య నిధి సర్వీసు వివరాల్లో ప్రతి యజమాని పేరు, చేరిన తేదీ, వీడిన తేదీ నమోదవుతాయి. వివాదం తలెత్తితే అంతకు మించిన సాక్ష్యం దొరకడం కష్టం. గుత్తేదారు మారిన ప్రతిసారీ కొత్త యూఏఎన్‌ ఇస్తామంటే అంగీకరించరాదు. పాత సంఖ్యనే కొనసాగించాలి.

నిర్ణీత కాల ఉద్యోగులకు ఏడాది పూర్తయితే చాలు, గ్రాట్యుటీ హక్కు వస్తుందని కొత్త స్మృతి చెబుతోంది. యజమానితో కాలపరిమితి స్పష్టంగా రాసుకున్న ఒప్పందం ఉన్నవారికే ఇది వర్తిస్తుంది. పొరుగు సేవల కార్మికులందరికీ ఏడాదికే గ్రాట్యుటీ అంటూ సాగే ప్రచారాన్ని నమ్మి ఉన్న పని మానుకోవడం మంచిది కాదు. సరిహద్దు దాటి గుమ్మిడిపూండి వైపు పనికి వెళ్లేవారు మరో విషయం గమనించాలి. నాలుగేళ్లు నిండి, అయిదో ఏట 240 రోజులు పనిచేస్తే అయిదేళ్లు పూర్తయినట్లేనని మద్రాసు హైకోర్టు పాత చట్టం కింద తీర్పునిచ్చింది.

నామినీ పేరు మరవొద్దు

2004 ఫిబ్రవరి 23న షార్‌లో ఘన ఇంధనం అంటుకుని ఆరుగురు ప్రాణాలు కోల్పోయారు. ఇలాంటి ప్రమాదకరమైన పని జరిగేచోట నామినేషన్‌ పత్రం కేవలం లాంఛనం కాదు. ఉద్యోగి మరణిస్తే అయిదేళ్ల నిబంధన వర్తించదు. ప్రభుత్వ ఉద్యోగి ఏడాదిలోపే మరణించినా రెండు నెలల వేతనం, అయిదేళ్లలోపు అయితే ఆరు నెలల వేతనం, పదకొండేళ్లలోపు అయితే పన్నెండు నెలల వేతనం కుటుంబానికి చెందుతాయి. ప్రైవేటు రంగంలో చేరిన కొత్తలో కుటుంబం లేక స్నేహితుని పేరు రాసినవారు పెళ్లయ్యాక తప్పక మార్చుకోవాలి. కుటుంబం ఏర్పడగానే పాత నామినేషన్‌ చెల్లదు.

ప్రైవేటు సంస్థ గ్రాట్యుటీని 30 రోజుల్లోగా చెల్లించాలి. ఆలస్యమైతే వడ్డీ కూడా ఇవ్వాలి. చివరి నెల జీతాన్ని మాత్రం పని మానిన రెండు పనిదినాల్లోనే ఇవ్వాలని వేతన స్మృతి నిర్దేశిస్తోంది. గ్రాట్యుటీ కోసం యజమానికి దరఖాస్తు ఇచ్చేటప్పుడు నకలుపై సంతకం, తేదీ వేయించుకోవాలి. స్పందన లేకుంటే, కేంద్ర ప్రభుత్వ సంస్థ పరిధిలోని పనులకు సంబంధించి కేంద్ర కార్మిక కమిషనర్‌ విభాగాన్ని, దుకాణాలు, ప్రైవేటు కర్మాగారాల విషయంలో రాష్ట్ర కార్మిక శాఖ అధికారులను ఆశ్రయించవచ్చు.