జీపుకి ఫైబర్ టాప్ వేయించే ముందు ఆర్సీ తీసి చూడండి

ఆత్రేయపురం, బొబ్బర్లంక వైపు గుడ్డ టాప్ జీపు ఉన్న ఇంట్లో జులై వచ్చిందంటే ఒకటే గోల. కాలవ గట్టు మీద వాన అందుకుంటే వెనక సీట్లో పిల్లలు తడిసి ముద్దవుతారు. "ఫైబర్ టాప్ చేయించేద్దాం భాయ్, ఎండాకాలం ఊడదీసుకోవచ్చు" అని ఎవరో ఒకరు అంటారు. ఆలోచన బాగానే ఉంది. కానీ అడ్వాన్సు ఇచ్చే ముందు బీరువాలోంచి ఆర్సీ తీసి, అందులో మోడల్, బాడీ రకం, ఖాళీ బరువు ఏమని రాసుందో చూడాలి.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకీ ఆర్సీకీ తేడా వచ్చేలా ఓనరు బండిని మార్చకూడదు. కేరళ నుంచి వచ్చిన కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టాన్ని సవరించి శిక్ష కూడా పెంచారు: అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదంటే రెండూ.

ఇవన్నీ కాగితాల మీదే ఉంటాయని కొట్టిపారేయొద్దు. 2022లో శ్రీనగర్‌లో ఒక థార్ ఓనరుకి కోర్టు ఆరు నెలల శిక్ష వేసింది. ఆయన చేసిన మార్పుల్లో పెద్ద టైర్లు, ఎల్ఈడీ లైట్లు, సైరన్‌తో పాటు హార్డ్ టాప్ కూడా ఉంది. పాత కేసులేవీ లేవు కాబట్టి 2 లక్షల బాండు మీద వదిలారు. బండిని మాత్రం మళ్లీ ఆర్సీలో ఉన్నట్టు మార్పించమన్నారు. "ఊడొచ్చే టాపే కదా సార్" అంటే రోడ్డు మీద ఆపినవాళ్లు వినరు. ఆ టైముకి అది బండి మీదే ఉంటుంది మరి.

1945లో మహీంద్రా అండ్ మొహమ్మద్ పేరుతో మొదలైన కంపెనీ (గులాం మొహమ్మద్ సాహెబ్ పాకిస్తాన్ వెళ్లిపోయాక 1948లో పేరు మారింది) విల్లీస్ జీపుల్ని తెచ్చిన రోజుల్లో ఇది గుడ్డ టాప్ బండే. 2020 అక్టోబర్‌లో వచ్చిన థార్‌కైతే కంపెనీయే హార్డ్ టాప్ రకం కూడా ఇచ్చింది.

ఇక బరువు లెక్క. నాలుగు మిల్లీమీటర్ల మందం ఫైబర్ చదరపు మీటరుకి సుమారు 6 కిలోలు తూగుతుంది. పైకప్పు, రెండు పక్కలు, వెనక తలుపు కలిపి 5 చదరపు మీటర్లు అనుకుంటే 30 కిలోలు. అద్దాలు, లోపలి పట్టీలు, బోల్టులు కలిస్తే 50 దాటుతుంది. దించాలంటే ముగ్గురు మనుషులు కావాలి, లేదా షెడ్డు దూలానికి చైన్ బ్లాక్ ఉండాలి. దించాక ఎక్కడ పెడతారు? ఎండలో పడేస్తే పై పూత సున్నంలా పొడి రాలుతుంది, ఒక మూల మీదే బరువు పడితే వంకర పోతుంది. అందుకే చాలా ఇళ్లలో "ఊడదీసే టాప్" ఒక్కసారి ఎక్కాక మళ్లీ దిగదని నా అనుమానం.

తయారీ మన తీరంలో ఫైబర్ పడవలు చేసే పద్ధతే. ముందు చెక్కతోనో థర్మోకోల్‌తోనో నమూనా, దాని మీద అచ్చు, అచ్చుకి మైనం, తర్వాత జెల్ కోటు, ఆపైన ఫైబర్ మ్యాట్ పొరలు రెసిన్‌తో. గాలిలో తేమ ఎక్కువుంటే రెసిన్ సరిగా గట్టిపడదు, కాబట్టి వానాకాలం ఈ పని పెట్టుకోవద్దు. రెసిన్ వాసన మంచిది కాదు, పిల్లలున్న ఇంటి వరండాలో అసలు చేయించొద్దు. ఇంకోటి, యాక్సిలరేటర్‌గా వాడే కోబాల్ట్‌నీ హార్డ్‌నర్‌నీ నేరుగా ఒకదాంట్లో ఒకటి పోస్తే పేలే ప్రమాదం ఉంది. కోబాల్ట్ ముందు రెసిన్‌లో బాగా కలిశాకే హార్డ్‌నర్ వేయాలి.

బోల్టు ఫైబర్‌కి నేరుగా బిగిస్తే గతుకుల రోడ్డు మీద రంధ్రం చుట్టూ పగుళ్లు వస్తాయి. లోపలివైపు ఇనుప ప్లేటు పెట్టాలి. విండ్‌షీల్డ్ అంచుకి రబ్బరు బీడింగ్ సరిపోకపోతే వాన నీళ్లు డ్రైవర్ మోకాళ్ల మీదకే. పక్కలకి ఇంటి కిటికీ అద్దం పెట్టనివ్వొద్దు, సేఫ్టీ గ్లాసే ఉండాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది పిల్లల సంగతి. ఫైబర్ టాప్ వాన ఆపుతుంది, బోల్తా పడితే బరువు మోయదు. మోసేది లోపలి ఇనుప రోల్ కేజ్. టాప్ కూర్చోవడం లేదని మేస్త్రి ఆ కేజ్ కోస్తానంటే అక్కడితో పని ఆపించేయండి.

డబ్బు విషయానికొస్తే, చెప్పకుండా చేసిన మార్పు ప్రమాదం తర్వాత సర్వేయర్ కంట పడితే క్లెయిమ్ తగ్గించడమో తిరస్కరించడమో జరగొచ్చు. నా లెక్కలో బండి గుడ్డ టాప్ రకం అయితే కొత్త కాన్వాస్, కొత్త బీడింగ్ వేయించుకోవడమే చవక. అయినా ఫైబరే కావాలంటే ముందు అమలాపురం ఆర్టీఓ ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి, ఇన్సూరెన్స్ కంపెనీకీ ఒక ఉత్తరం ఇవ్వండి. ఆ రెండు జవాబులూ చేతికొచ్చాకే మేస్త్రికి అడ్వాన్సు.