గాలానికీ ఉంది ఒక కాలం

పిడుగురాళ్ల: సున్నపు బట్టీలకు పేరుమోసిన పిడుగురాళ్లకు ఉత్తరాన కృష్ణమ్మ పారుతున్నది. దాచేపల్లి, మాచవరం మండలాలు ఆ నది ఒడ్డునే ఉన్నాయి. నదిలో చేపల వేట అనగానే అందరికీ వల గుర్తుకు వస్తుంది. ఒకే తాడుకు వరుసగా అనేక గాలాలు కట్టి నీటిలో వదిలే పద్ధతి కూడా పాతదే. చూడడానికి ఇది తేలికైన పని. కాని ఏ కాలంలో ఏ ఎర పెట్టాలో, ఎంత లోతున వదలాలో తెలియకపోతే తెల్లవారి పైకి వచ్చేది ఉత్త తాడే!

పొడవాటి తాడుకు కొంత ఎడంగా చిన్న దారాలు వేలాడదీసి, వాటి చివర గాలాలు బిగిస్తారు. దారం పొడవుకు రెట్టింపు కంటె దగ్గరగా కడితే పక్కపక్క గాలాలు పెనవేసుకుంటాయి. మునగడానికి రాయి, తేలడానికి బెండు కడతారు. సాయంత్రం వదిలిన తాడును వేకువనే తీస్తారు. అన్ని గాలాలూ ఒకే లోతున ఉండనక్కరలేదు. బొచ్చె నీటి పైభాగాన, శీలావతి నడుమ, ఎర్రమోసు అడుగున మేస్తాయి. వాలుగ, జెల్ల మాంసపు ఎరకు వస్తాయి.

తొలకరి వానకు ఉసిళ్లు లేచి నీటిపై రాలుతాయి. వాటికోసం చేపలు పైకి వస్తాయి కనుక ఎర పైపైన ఉండాలి. వరద వచ్చి నీరు ఎర్రబడితే చేపకు కంటిచూపు ఆనదు, వాసనతో మేత వెదుకుతుంది. అప్పటి ఎర వానపాము. చలికాలంలో చేప మేత తగ్గిస్తుంది. చిన్న గాలం, చిన్న ఎర లోతు నీటికి వెళ్లాలి. ఎండాకాలంలో చల్లని వేళల్లోనే వేట. శీలావతికి తవుడు కలిపిన పిండిముద్ద, కొర్రమీనుకు బతికిన పరిగె పెడతారు.

ఇది మన నదికే పరిమితమైన విద్య కాదు. ఇంగ్లండు, స్కాట్లండు ఏరులలో ట్రౌట్ చేపకోసం గాలాలకు ఈకలు, పట్టుదారం చుట్టి పురుగుల రూపం తెస్తారు. అటువంటివి రెండు మూడు ఒకే దారానికి కట్టి నీటిలో మునిగేలా వదులుతారు. ఆ నెలలో ఏటిపై ఏ పురుగు పుడుతుందో చూసి, దానికి తగిన ఈకను ఎన్నుకుంటారు. అక్కడ ఈక, ఇక్కడ వానపాము. కాలాన్ని గమనించే కన్ను మాత్రం ఒక్కటే.

పులిచింతల ప్రాజెక్టు 2013లో ప్రారంభమైంది. దాని నిల్వ సామర్థ్యం 45.77 టి.ఎం.సి.లు. ఒకనాడు నది పారిన చోట నేడు నీరు నిలుస్తున్నది. పారే నీటిలో ప్రవాహమే ఎరను ఆడిస్తుంది. నిలిచిన నీటిలో చేప తిరిగే చోటుకు మనమే ఎరను చేర్చాలి. 2021 ఆగస్టు 5న ఆ ప్రాజెక్టు గేటు ఒకటి కొట్టుకుపోయింది. నీరు వదులుతున్నారన్న హెచ్చరిక వినగానే, దిగువన ఉన్నవారు గాలాలను వదిలేసి అయినా ఒడ్డుకు చేరాలి.

ఎన్ని గాలాలు కట్టినా ఎర మింగిన చేపే పడుతుంది. మందుగుండు పేల్చినా, నీటిలో విషం కలిపినా పిల్లా తల్లీ తేడా లేకుండా చస్తాయి. 1897 నాటి మత్స్య చట్టం ఈ రెండింటినీ నేరమన్నది. చేపలను పట్టడానికి, చంపడానికి నీటిలో వేయరాని వాటిలో విషంతోపాటు సున్నాన్ని పేరు పెట్టి చెప్పింది. సున్నం నీటిలోని క్షారాన్ని పెంచి చేప మొప్పలను కాల్చివేస్తుంది. చేపపిల్లలను వదిలే ముందు చెరువును బాగుచేయడానికి కొలత ప్రకారం చల్లే సున్నం సంగతి వేరు. సున్నం చేతికి అందే మన ప్రాంతంలో ఈ తేడా ఇంటింటా తెలియాలి.

వర్షాకాలం బొచ్చె, శీలావతి గుడ్లు పెట్టే కాలం. కొర్రమీను ఎర్రటి పిల్లల గుంపును కనిపెట్టుకుని తిరుగుతుంది. అప్పుడు దానిని పడితే పిల్లలన్నీ ఇతర చేపల పాలవుతాయి. అటువంటి గుంపు కనిపించిన చోట గాలం వేయకుండా తప్పుకొన్నవారికే మరుసటి ఏడు చేప దొరుకుతుంది.