వండుకో... వడ్డించుకో... కడుపునిండా తిను!

నిజాంసాగర్ నిండి గేట్లెత్తారంటే చాలు... కామారెడ్డి, ఎల్లారెడ్డి, బాన్సువాడల జనం ప్రాజెక్టు దారి పడతారు. మంజీర మీద 1931లో పూర్తయిన ఆ కట్టను చూడటం ఒక పనైతే, చేపలు తినడం రెండో పని. కొందరికి అదే మొదటి పని! అప్పుడే పట్టిన చేపకి కారం పట్టించి కళ్లముందే వేయిస్తుంటే నోరూరనిదెవరికి? అలా కాకుండా 'పొయ్యి ఇదిగో, గిన్నె ఇదిగో, కూరగాయలూ మాంసమూ అవిగో. మీరే వండుకోండి. ఎంత తిన్నా ధర ఒకటే' అని హోటలువాళ్లే చెబితే? జపాన్‌లో అలాగే చెబుతారు. అక్కడి మధ్యతరగతి కుటుంబాలకి ఆదివారం విందంటే చాలాసార్లు అదే.

టేబుల్ మధ్యలో చిన్న పొయ్యి. దానిమీద వెడల్పాటి గిన్నె. అందులో కొంబు అనే సముద్రపు నాచు ఆకు వేసి కాచిన నీళ్లు. ఉప్పూ కారం ఏమీ ఉండవు. కాగితమంత పల్చగా కోసిన మాంసం ముక్కని పుల్లలతో పట్టుకుని, మరిగే నీళ్లలో అటూఇటూ ఆడించి, రంగు మారగానే తీసి, నువ్వుల ముద్దలోనో నిమ్మజాతి పండ్ల పుల్లటి రసంలోనో ముంచుకుని తినాలి. క్యాబేజీ, పుట్టగొడుగులు, మొలకలు, టోఫు కూడా అందులోనే ఉడుకుతాయి. రుచంతా ఆ చప్పిడి నీళ్లలో ఏముందనేగా అనుమానం? టోక్యో విశ్వవిద్యాలయ ఆచార్యుడు కికునయె ఇకెదాకీ అదే అనుమానం వచ్చింది. 1908లో కొంబు నుంచి గ్లుటమేట్‌ను వేరుచేసి, ఆ రుచికి 'ఉమామి' అని పేరు పెట్టాడు. మన ఫ్రైడ్‌రైస్ బండ్ల మీద కనిపించే అజినొమొటో పుట్టింది ఆ పరిశోధనలోంచే.

జాడిస్తే అదే పేరు!

ఈ వంటకం పేరు షాబు షాబు. బట్టని నీళ్లలో జాడిస్తే వచ్చే చప్పుడన్నమాట. ఒసాకాలోని సుయెహిరో హోటల్ 1952లో ఈ వంటకాన్ని మొదలుపెట్టింది. పనిమనిషి తువాళ్లు జాడిస్తున్న చప్పుడు విని యజమాని ఆ పేరు పెట్టాడని చెప్పుకుంటారు. పేరు జపాన్‌దే కానీ, పద్ధతి చైనాది. బీజింగ్‌లో గొర్రెమాంసాన్ని ఇలాగే తినేవారు.

అసలు మాంసమే జపనీయులకి చాలాకాలం నిషిద్ధం. 675లో తెమ్ము చక్రవర్తి ఆవు, గుర్రం, కుక్క, కోతి, కోడి మాంసాలు తినకూడదని ఆజ్ఞాపించాడు. అది ఏడాదిలో కొన్ని నెలలకే అయినా, బౌద్ధం బలపడ్డాక నాలుగుకాళ్ల జంతువుల మాంసమంటేనే తప్పన్న భావన పాతుకుపోయింది. 1872లో మెయిజి చక్రవర్తి స్వయంగా గొడ్డుమాంసం తిన్నాకగానీ జనానికి ధైర్యం రాలేదు. ఇక 'తిన్నంత' భోజనం సంగతి. టోక్యోలోని ఇంపీరియల్ హోటల్ 1958లో బఫే పెట్టింది. అప్పుడు ఆడుతున్న 'ది వైకింగ్స్' సినిమా పేరే దానికీ పెట్టారు. జపాన్‌లో ఇప్పటికీ బఫేని 'వైకింగ్' అనే అంటారు. అప్పట్లో అది కలిగినవాళ్ల ముచ్చట.

మరి ఇప్పుడు చవగ్గా ఎలా పెట్టగలుగుతున్నారు? లెక్క తేలికే. వండేవాడి జీతం ఉండదు, ఎందుకంటే వంటవాడు మీరే. మాంసాన్ని గడ్డకట్టించి యంత్రంతో కోస్తారు. చూడ్డానికి పళ్లెం నిండుగా ఉంటుంది, ఎత్తితే తేలిక! కడుపు నింపేది క్యాబేజీ, మొలకలే. ఆర్డరు టాబ్‌లో నొక్కాలి. పళ్లేలు మోసుకొచ్చేది పిల్లిమొహం రోబో. షాబుయో హోటళ్లు నడిపే స్కైలార్క్ సంస్థ 2021 నుంచి ఇలాంటివాటిని వేల సంఖ్యలో దింపింది. చవకరకం గొలుసు హోటళ్లలో పనిదినాల్లో మధ్యాహ్నం 2,000 యెన్లకు అటూఇటూగా తినొచ్చు. మన డబ్బుల్లో వెయ్యి రూపాయల పైమాట. బడికి వెళ్లని పిల్లలకి చాలాచోట్ల ఉచితం. అయితే గడియారం తిరుగుతూనే ఉంటుంది. సాధారణంగా గంటన్నర, ఆపైన లేవాల్సిందే. ఆశకొద్దీ తెప్పించుకుని వదిలేస్తే అదనంగా వసూలు చేస్తామని బోర్డు పెట్టే హోటళ్లూ ఉన్నాయి.

ఎంగిలి మాటేమిటి?

టోక్యోలో నిషికసాయ్ అనే ప్రాంతం ఉంది. 2000 నాటి కంప్యూటర్ల గండం పుణ్యమా అని మన ఇంజినీర్లు అక్కడికి చేరడం మొదలై, ఇప్పుడది భారతీయుల పేటగా పేరుపడింది. తోటి ఉద్యోగులు షాబు షాబుకి పిలిస్తే కొత్తగా వచ్చిన తెలుగువాడికి గుండె గుభేల్మంటుంది. కారణం కారం లేకపోవడం కాదు. ఒకే గిన్నెలో అందరూ పుల్లలు ముంచడం!

నిజానికి ఈ ఇబ్బంది మనకొక్కరికే లేదు. నోట్లో పెట్టుకున్న పుల్లల్ని అందరి గిన్నెలో పెట్టడాన్ని జపనీయులు 'జికాబషి' అంటారు. అది మర్యాద కాదని వాళ్లకీ పట్టింపే. అందుకే తీయడానికి వేరే పుల్లలుంటాయి. పచ్చిమాంసాన్ని పట్టుకునే పటకారుతో ఉడికింది తీయకూడదన్నది మరో నియమం. ఇది ఆచారం కాదు, కడుపు చెడకుండా జాగ్రత్త. ఎంగిలిని పాటించే మన అమ్మమ్మని తీసుకెళ్తే ఆ బల్ల దగ్గర పెత్తనం ఆమెదే అవుతుందేమో!

అసలు చిక్కు మెనూలో ఉంది. అన్నింటికన్నా చవకది పంది. ధర పెరిగితే ఆవు. పైగా బల్ల దగ్గర అందరూ ఒకే రకం భోజనం తీసుకోవాలనే నిబంధన చాలాచోట్ల ఉంటుంది. కోడి దొరుకుతుంది కానీ ఏ ధరలో ఇస్తారో ముందే చూసుకోవాలి. శాకాహారులకైతే మరీ కష్టం. గిన్నెలో కూరగాయలే ఉన్నా, ఆ రసం ఎండబెట్టిన బొనిటో చేపతో కాచింది కావచ్చు. 'మాంసం లేదు' అని వాళ్లు చెప్పినప్పుడు చేప లేదని అర్థం కాదు. కొంబు రసమేనా, ముంచుకునేదాంట్లో ఏముంది అని రెండుసార్లు అడగాలి. గిన్నెకి మధ్యలో అడ్డుగోడ ఉంటే కొంత నయం. ఒక పక్క కోడి, ఒక పక్క ఆకుకూర. ఒక్కొక్కరికి ఒక్కో చిన్న గిన్నె పెట్టే హోటళ్లయితే ఏ గొడవా లేదు.

అంతా అయ్యాక అసలు రుచి మొదలవుతుంది. అప్పటిదాకా ఉడికినవాటి సారమంతా దిగి, చప్పిడి నీళ్లు కాస్తా చిక్కటి రసమై ఉంటాయి. అందులో అన్నం వేసి, గుడ్డు గిలక్కొట్టి పోసి, మూతపెడతారు. రెండు నిమిషాల్లో మెత్తగా, జారుగా జోసుయ్ సిద్ధం. గంజన్నం తిని పెరిగినవాళ్లు గంటన్నరలో మొదటిసారి అనువాదం అక్కర్లేకుండా తింటారు. నంజుకోవడానికి ఆవకాయ ముక్క ఉంటేనా... అనిపిస్తుంది. కానీ అది ఇంటికెళ్లాకే. బయటి తిండి లోపలికి తేనివ్వరు.