మీకు తెలుసా? అక్కరలేదనుకున్న గ్రంథి అసలు పని

● రొమ్ము ఎముక వెనుక ఉండే థైమస్ గ్రంథికి పనేమీ ఉండదని 1960 వరకూ చాలామంది శాస్త్రవేత్తలు నమ్మేవారు.

● లండన్‌లో ఎలుకల లుకేమియాపై పరిశోధిస్తున్న జాక్ మిల్లర్, అప్పుడే పుట్టిన ఎలుక పిల్లల్లో ఈ గ్రంథిని తొలగించి చూశారు. అవి ఇన్‌ఫెక్షన్లను తట్టుకోలేకపోయాయి. పరాయి ఎలుక చర్మం అతికించినా వాటి శరీరం తిరస్కరించలేదు.

● ఈ ప్రయోగాన్ని వివరిస్తూ 1961లో ‘లాన్సెట్’ వైద్య పత్రికలో వచ్చిన చిన్న పత్రం రోగనిరోధక శాస్త్రాన్నే మలుపు తిప్పింది.

● 1968లో మెల్‌బోర్న్‌లో మిల్లర్, సహ పరిశోధకుడు గ్రాహమ్ మిచెల్‌తో కలిసి, థైమస్ నుంచి వచ్చే కణాలు వేరు, యాంటీబాడీలు తయారుచేసే కణాలు వేరు అని, రెండూ కలిసి పనిచేస్తాయని నిరూపించారు. అవే టి, బి కణాలు.

● 2019లో మిల్లర్, శాస్త్రవేత్త మాక్స్ కూపర్‌తో కలిసి లాస్కర్ పురస్కారం అందుకున్నారు. నేటి క్యాన్సర్ ఇమ్యూనోథెరపీకి టి, బి కణాలపై ఏర్పడిన ఈ అవగాహనే పునాది.